సరస్సుల్లో స్ట్రైపర్‌కి బతికున్న ఎర వేయాలంటే ఏ రాడ్ కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ వైపు ఉండే తెలుగువాళ్లకు టెక్సోమా సరస్సు గంటన్నర ప్రయాణం. అట్లాంటాకు ఉత్తరాన కమింగ్, ఆల్ఫరెటా ప్రాంతాల్లో ఉండేవాళ్లకు లేనియర్ సరస్సు దాదాపు ఇంటి పక్కనే. రెండూ స్ట్రైప్డ్ బాస్‌కి పేరున్న చోట్లు. అక్కడివాళ్లు దాన్ని స్ట్రైపర్ అంటారు, మనమూ అలాగే అందాం. ఊళ్లో చెరువుగట్టున వెదురు గడతో గాలం వేసినవాళ్లకు ఎర గుచ్చడం కొత్తేమీ కాదు. కానీ షాపులో వరసగా నిలబెట్టిన వందల రాడ్ల ముందుకు వెళ్లేసరికి టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు వచ్చే ప్రశ్నలకే ఇక్కడ జవాబులు.

ముందుగా ఒక్క సంగతి. బతికున్న ఎరతో వేటాడేటప్పుడు రాడ్ ఎక్కువసేపు మీ చేతిలో ఉండదు. పడవ అంచున బిగించిన హోల్డర్‌లో ఉంటుంది. చేప ఎరను అందుకునే క్షణంలో పని చేసేది రాడే, మీరు కాదు. కింద చెప్పే సలహాలన్నీ దాదాపు ఇక్కడి నుంచే వస్తాయి.

స్ట్రైపర్ సముద్రపు చేప కదా, సరస్సుల్లో ఎలా ఉంది?

అట్లాంటిక్ తీరంలో ఉంటూ, గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురీదే చేప ఇది. సౌత్ కరోలినాలో శాంటీ-కూపర్ ప్రాజెక్టు కింద 1940ల మొదట్లో ఆనకట్టలు కట్టినప్పుడు మేరియన్, మోల్ట్రీ సరస్సులు ఏర్పడ్డాయి. వాటిలో చిక్కుకుపోయిన స్ట్రైపర్లు సముద్రం ముఖం చూడకుండానే బతికాయి, పైనున్న నదుల్లోకి వెళ్లి గుడ్లు కూడా పెట్టాయి. అది చూశాకే మిగతా రాష్ట్రాలు తమ జలాశయాల్లో వీటి పిల్లల్ని వదలడం మొదలుపెట్టాయి. రెడ్ నది మీద 1944లో పూర్తయిన డెనిసన్ డ్యామ్ వెనకున్న టెక్సోమాలో 1960ల మధ్య నుంచి వదిలారు. అక్కడ రెడ్, వాషిటా నదుల ప్రవాహంలో అవి సొంతంగానే పెరుగుతున్నాయి. లేనియర్‌లో మాత్రం అలా కుదరదు, ఏటా పిల్లల్ని వదలాల్సిందే. ఎందుకంటే ఈ చేప గుడ్లు పొదిగేదాకా రెండు రోజుల పాటు పారే నీటిలో తేలుతూ ఉండాలి, అడుక్కి చేరితే పాడైపోతాయి.

రాడ్ ఎంపికకు ఈ చరిత్రతో పని ఉంది. స్ట్రైపర్ బయలు నీటి చేప. చెట్టు మొద్దుల కింద, నాచులో నక్కి ఉండదు. షాడ్, హెర్రింగ్ చేపల గుంపుల వెంట సరస్సంతా తిరుగుతుంది. గాలానికి పడ్డాక పొదలోకి దూరదు, ఖాళీ నీటిలో దూరంగా, లోతుగా పరుగు తీస్తుంది. కాబట్టి దాన్ని ఒక్కసారిగా పెరికి లాగే గట్టి రాడ్ అక్కర్లేదు. పరుగును ఓర్చుకుంటూ అలసిపోయేలా చేసే రాడ్ కావాలి.

లార్జ్‌మౌత్ బాస్ అనే వేరే రకం చేప కోసం కొన్న రాడ్ ఇంట్లో ఉంది. అది సరిపోదా?

చాలావరకు సరిపోదు. లార్జ్‌మౌత్ రాడ్లు ఎక్కువగా తేలికైన గ్రాఫైట్‌తో, గట్టి కొసతో వస్తాయి. ప్లాస్టిక్ పురుగు అడుగున రాయికి తగిలినా చేతికి తెలియాలి, తెలియగానే గట్టిగా లాగి హుక్ గుచ్చాలి. ఆ పనికి అవి భేషైనవి. అదే రాడ్‌కి బతికున్న హెర్రింగ్ కట్టి హోల్డర్‌లో పెట్టారనుకోండి. అల వచ్చి పడవ ఊగినప్పుడల్లా గట్టి కొస ఎరను పైకి కుదిపేస్తుంది. కాసేపటికి హెర్రింగ్ నీరసించిపోతుంది, లేదా హుక్ గుచ్చిన చోట చిరిగి ఊడిపోతుంది. స్ట్రైపర్ వచ్చి అందుకున్నా, నోట్లో పెట్టుకోగానే ఏదో అడ్డు తగిలినట్టై వదిలేస్తుంది. వదలకుండా దూకుడుగా మింగేస్తే ఇంకో ప్రమాదం: హోల్డర్‌లో కదలకుండా ఉన్న గ్రాఫైట్ రాడ్ మీద ఒక్క దెబ్బకు భారమంతా పడి కొస విరగొచ్చు.

ఒక్కసారి సరదాగా వెళ్లడానికైతే ఉన్నవాటిలో అన్నిటికంటే మెత్తగా వంగేది తీసుకెళ్లండి. ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్లే ఉద్దేశం ఉంటే వేరే రాడ్ కొనడమే మంచిది.

పవర్, యాక్షన్ అని రెండు రాస్తారు. తేడా ఏమిటి?

పవర్ అంటే రాడ్‌ని వంచడానికి ఎంత బలం కావాలన్నది. లైట్, మీడియం లైట్, మీడియం, మీడియం హెవీ, హెవీ అని వరసగా ఉంటాయి. యాక్షన్ అంటే రాడ్ ఎక్కడ వంగుతుందన్నది. ఫాస్ట్ అయితే కొస దగ్గరే వంగి ఆగిపోతుంది. మోడరేట్ అయితే వంపు నడుము దాకా వస్తుంది. స్లో అయితే చేతిపిడి దగ్గర దాకా మొత్తం వంగుతుంది.

ఈ రెంటినీ కలిపేసి చూడటం వల్లే తప్పుడు రాడ్ కొంటారు. 'పెద్ద చేప కదా' అని హెవీ పవర్ తీసుకుంటారు, యాక్షన్ పట్టించుకోరు. స్ట్రైపర్ ఎరకు ముందు చూడాల్సింది యాక్షన్: మోడరేట్, లేదా మోడరేట్‌కీ స్లోకీ మధ్య. పవర్ ఆ తర్వాత. టెక్సోమాలో మామూలుగా దొరికే రెండు నుంచి పది పౌండ్ల చేపలకు మీడియం చాలు. ఇరవై పౌండ్లు దాటే చేపలున్న చోట పెద్ద ఎర వేస్తే మీడియం హెవీ. హెవీ అవసరమయ్యే సందర్భాలు సరస్సుల్లో చాలా తక్కువ.

మెత్తటి కొస అంత ముఖ్యమా?

అన్నిటికంటే ముఖ్యం. అది చేసే పనులు మూడు.

మొదటిది, ఎరను బతికించడం. బ్లూబ్యాక్ హెర్రింగ్, త్రెడ్‌ఫిన్ షాడ్ చాలా సున్నితమైన చేపలు. పొలుసు రాలినా, ముక్కు ఎర్రబడినా ఎక్కువసేపు ఉండవు. గుండ్రటి ట్యాంకులో పెట్టి, నీళ్లు చల్లగా ఉంచి, గాలి కొట్టి, కాస్త ఉప్పు కూడా కలిపి కాపాడుకుంటారు. అంత శ్రమపడి తెచ్చిన ఎరను గట్టి కొస పది నిమిషాల్లో చంపేస్తే శ్రమంతా వృథా. మెత్తటి కొస అలతోపాటు వంగి లేస్తుంది, కింద ఎర మాత్రం నిలకడగా ఈదుతుంది.

రెండోది, కింద ఏం జరుగుతోందో చెప్పడం. ఎర హాయిగా ఈదుతున్నప్పుడు కొస నెమ్మదిగా ఊగుతుంది. స్ట్రైపర్ దగ్గరికి వచ్చిందంటే ఎర బెదిరిపోయి పెనుగులాడుతుంది, కొస గబగబా వణుకుతుంది. వేటకు తీసుకెళ్లే అనుభవమున్న గైడ్లు ఆ వణుకు చూడగానే మాట్లాడటం ఆపేసి రాడ్ వైపు జరుగుతారు. గట్టి రాడ్ ఈ కబురు మీకు అందించదు.

మూడోది, చేపకు అనుమానం రాకుండా చూడటం. ఎర పట్టుకుని అది కదలగానే కొస కొంత దూరం అడ్డు చెప్పకుండా వంగుతుంది. ఆ కాస్త వ్యవధిలో ఎర నోట్లోకి పూర్తిగా వెళ్తుంది. తర్వాత బరువు నడుముకీ, అక్కణ్నుంచి మొదలుకీ చేరేసరికి హుక్ మూతి మూలలో దిగిపోతుంది. అందుకే కొస మెత్తగా ఉంటే చాలదు, మొదలు గట్టిగా ఉండాలి. కొస నుంచి మొదలు దాకా ఒకేలా మెత్తగా ఉన్న రాడ్ చేపను లోతు నుంచి పైకి తేలేదు.

ఫైబర్‌గ్లాస్ మంచిదా, గ్రాఫైట్ మంచిదా?

హోల్డర్‌లో పెట్టే రాడ్‌కైతే ఫైబర్‌గ్లాస్, లేదా ఫైబర్‌గ్లాస్‌లో కొంత గ్రాఫైట్ కలిపిన కాంపోజిట్. నా ఓటు కాంపోజిట్‌కి.

ఫైబర్‌గ్లాస్ బాగా వంగుతుంది, తొందరగా విరగదు, దెబ్బలు తట్టుకుంటుంది. బరువు ఎక్కువ. అయితే ఆ బరువు మోసేది హోల్డర్, మీ చెయ్యి కాదు. గ్రాఫైట్ తేలిక, స్పందన ఎక్కువ, కానీ పెళుసు. పడవ అంచుకు కొట్టుకుని కంటికి కనబడని గాటు పడితే, ఎప్పుడో పెద్ద చేప పడినప్పుడు సరిగ్గా అక్కడే విరుగుతుంది. కాంపోజిట్‌లో ఫైబర్‌గ్లాస్ ఓర్పు చాలావరకు మిగిలే ఉంటుంది, బరువు తగ్గుతుంది, మొదలు బలంగా ఉంటుంది. షేక్స్‌పియర్ కంపెనీ 1976 నుంచి అమ్ముతున్న అగ్లీ స్టిక్ ఈ రకం కలయికతోనే పేరు తెచ్చుకుంది. సరస్సుల మీద అన్నిచోట్లా అవి కనిపించడానికి కారణం చవకగా దొరకడం ఒక్కటే కాదు.

లూర్ (నకిలీ ఎర) విసిరి వేటాడాలనుకుంటే అది వేరే సంగతి. రోజంతా చేత్తో విసరాలి కాబట్టి దానికి గ్రాఫైట్ వేరుగా కొనుక్కోండి. రెండు పనులకీ ఒకే రాడ్ వాడదామనుకుంటే రెండూ అరకొరగానే జరుగుతాయి.

ఎంత పొడవు ఉండాలి?

ఎర ఎలా వేస్తారన్నదాన్ని బట్టి మారుతుంది.

డౌన్‌లైన్ అంటే లైన్‌కి ఒకటిన్నర, రెండు ఔన్సుల గుడ్డు ఆకారపు సీసం గుండు, దాని కింద స్వివెల్ (లైన్ మెలిపడకుండా తిరిగే లంకె), తర్వాత మూడు నుంచి ఐదు అడుగుల ఫ్లోరోకార్బన్ లీడర్ (హుక్‌కి ముందుండే వేరే లైన్ ముక్క), చివర హుక్. పడవ పక్కన నిలువుగా దించుతారు. దీనికి ఏడు, ఏడున్నర అడుగులు సరిపోతుంది. ఇంతకంటే పొడవైతే చేప పడవ పక్కకు వచ్చాక వలకు అందించడం కష్టం.

ఫ్రీలైన్ అంటే గుండు లేకుండా ఎరను పడవ వెనక వదిలేయడం. ప్లానర్ బోర్డు అంటే నీటి మీద తేలే చిన్న పలక, లైన్‌ను పడవకు దూరంగా పక్కకు లాక్కుపోతుంది. ట్రోలింగ్ మోటార్‌తో (పడవను మెల్లగా నడిపే చిన్న మోటార్) గంటకు మైలు లోపు వేగంతో నెమ్మదిగా వెళ్తూ, రెండు వైపులా బోర్డులు పెట్టి వెడల్పుగా ఎరలు పరుస్తారు. వసంతంలో చేపలు వాగుల మొగల్లో, లోతు తక్కువ నీటిలో ఉన్నప్పుడు ఈ పద్ధతికి తిరుగులేదు. దీనికి ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగుల రాడ్ బాగుంటుంది. పొడవు వల్ల లైన్ నీళ్లకు పైన ఉంటుంది, పక్క లైన్లతో చిక్కుపడదు.

మొదటిసారి, ఒకే రకం కొంటాను అంటే ఏడున్నర అడుగులు తీసుకోండి. దాంతో డౌన్‌లైన్ బాగా నడుస్తుంది, ఫ్రీలైన్ పర్వాలేదు, బోర్డులు కూడా నెట్టుకురావచ్చు.

రాడ్ మీద రాసిన అంకెల్లో ఏవి చూడాలి?

హ్యాండిల్‌కి కాస్త పైన పొడవు, పవర్, యాక్షన్‌తోపాటు లైన్ బలం పౌండ్లలో, గుండు లేదా లూర్ బరువు ఔన్సుల్లో ఉంటాయి. లైన్ 10 నుంచి 20, లేదా 12 నుంచి 25 పౌండ్లు అని ఉన్నది చూడండి. బరువు దగ్గర కనీసం రెండు ఔన్సుల దాకా రాసి ఉండాలి. అర ఔన్సు, ముప్పావు ఔన్సు దగ్గర ఆగిపోయే రాడ్‌కి రెండు ఔన్సుల గుండు కడితే ఎర వేయకముందే సగం వంగిపోతుంది. అప్పుడు చేప తాకినా మీకు తెలియదు.

ఈ అంకెలు ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ పోలవు. ఒకరి మీడియం మరొకరి మీడియం హెవీతో సమానంగా ఉండొచ్చు. రాతను బట్టి నాలుగైదు రాడ్లు పక్కకు తీసి, చేత్తో పరీక్షించి తేల్చుకోండి.

షాపులో ఎలా పరీక్షించాలి?

జేబులో రెండు ఔన్సుల గుండు, కాస్త లైన్ ముక్క పెట్టుకుని వెళ్లండి. సిబ్బందిని అడిగితే ఎవరూ కాదనరు. కొస గైడ్‌కి (లైన్ దూరే చివరి రింగుకి) గుండు వేలాడదీసి, రాడ్‌ని హోల్డర్‌లో ఉండే వాలులో, అంటే నేలకు కాస్త పైకి ఎత్తి పట్టుకోండి. కొస మాత్రం వంగి, నడుము నిటారుగా ఉండాలి. నడుము కూడా వంగిందంటే అది మరీ మెత్తన. కొస కదలనే లేదంటే మరీ గట్టి.

తర్వాత స్నేహితుడికి కొస లైన్ అందించి నెమ్మదిగా కిందికి లాగమనండి. వంపు కొస నుంచి నడుముకి, నడుము నుంచి మొదలుకి సాఫీగా జారాలి. ఒక చోట ఆగి కోణంలా మడత పడినట్టు కనిపిస్తే ఆ రాడ్ పక్కన పెట్టేయండి. గాల్లో ఊపి చూసి 'భలే తేలిగ్గా ఉంది' అనుకుని కొనేవాళ్లే ఎక్కువ. ఎర రాడ్‌కి ఆ పరీక్ష దేనికీ పనికిరాదు.

ఎర సైజును బట్టి రాడ్ మారుతుందా?

మారుతుంది. నాలుగైదు అంగుళాల హెర్రింగ్, త్రెడ్‌ఫిన్ షాడ్ వేస్తే మీడియం లైట్ నుంచి మీడియం దాకా. ఎనిమిది, పది అంగుళాల గిజర్డ్ షాడ్ వేస్తే మీడియం హెవీ, ఎందుకంటే ఆ ఎరే కొసను గట్టిగా లాగుతుంది. హుక్ కూడా పెద్దది కావాలి. చిన్న ఎరకు 1/0, 2/0 సైజు సర్కిల్ హుక్ (మొన లోపలికి తిరిగిన హుక్) చాలు. పెద్ద గిజర్డ్‌కి 5/0, 6/0 దాకా వెళ్తారు. మందమైన హుక్ దిగాలంటే రాడ్ మొదలులో అంత బలం ఉండాలి.

పెద్ద ఎర వేస్తే పెద్ద చేపే వస్తుందన్న ఆశ సహజమే, కొంతవరకు నిజమే. అయినా కొత్తవాళ్లు చిన్న ఎరతో మొదలుపెట్టాలనే చెబుతాను. కాటు ఎలా ఉంటుందో తెలియాలంటే కాట్లు తరచుగా పడాలి కదా.

స్పిన్నింగ్ రాడ్ కొనాలా, కాస్టింగ్ రాడ్ కొనాలా?

లైన్ చుట్టే రీల్ కాస్టింగ్ రాడ్‌కి పైన కూర్చుంటుంది, స్పిన్నింగ్ రాడ్‌కి కింద వేలాడుతుంది. పడవ మీద డౌన్‌లైన్లకైతే కాస్టింగ్ రాడ్, దాని మీద గుండ్రటి రీల్. అబూ గార్సియా అంబాసడర్ 6500 సైజు, లేదా లైన్ కౌంటర్ ఉన్న రీల్. కౌంటర్ అంటే ఎన్ని అడుగుల లైన్ వదిలారో చూపే చిన్న మీటర్. సోనార్‌లో (నీటి కింద చేపల్ని చూపే పరికరం) చేపలు 35 అడుగుల దగ్గర కనిపిస్తే ఎరను వాటికి కాస్త పైన, 30 దగ్గర ఆపాలి. స్ట్రైపర్ పైకి చూసి తింటుంది, కిందికి దిగి తినడం తక్కువ. కౌంటర్ ఉంటే లోతు గురించి లెక్కలు వేసుకోవాల్సిన పని ఉండదు. ఒక రాడ్‌కి కాటు పడిన లోతులోకే మిగతావన్నీ మార్చేయొచ్చు.

ఫ్రీలైన్లకు క్లిక్కర్ ఉన్న రీల్ కావాలి. చేప లైన్ లాగుతుంటే చప్పుడు చేస్తుంది. స్పిన్నింగే అలవాటంటే షిమానో బెయిట్‌రన్నర్ తరహా రీళ్లు ఉన్నాయి, మీట వేస్తే లైన్ సులువుగా వెళ్తుంది, హ్యాండిల్ తిప్పగానే అసలు డ్రాగ్ (లైన్ జారకుండా రీల్ పట్టే బిగువు) అందుకుంటుంది. పిల్లలకైతే స్పిన్నింగే సులువు.

గైడ్లు, హ్యాండిల్ విషయంలో ఏం చూడాలి?

రాడ్ పొడవునా లైన్ దూరే రింగులే గైడ్లు. అవి తక్కువుంటే ధర తగ్గుతుంది, ఆ తర్వాత బాధ మొదలవుతుంది. కాస్టింగ్ రాడ్‌లో గైడ్లు పైవైపు ఉంటాయి. రాడ్ బాగా వంగినప్పుడు రెండు గైడ్ల మధ్య దూరం ఎక్కువైతే లైన్ రాడ్‌కే రాసుకుంటుంది. ఏడున్నర అడుగుల రాడ్‌కి కొసతో కలిపి తొమ్మిదికి తగ్గకుండా ఉంటే మంచిది. పరీక్షించేటప్పుడు రీల్ పెట్టి లైన్ ఎక్కించి వంచితే ఇది కనబడిపోతుంది.

హ్యాండిల్ మీ హోల్డర్‌లో సరిగ్గా కూర్చోవాలి. పిడి మరీ పొట్టిగా ఉంటే హోల్డర్ పట్టు నిలవదు, మరీ పొడుగైతే చేప పడినప్పుడు బయటకు తీయడం ఆలస్యమవుతుంది. హోల్డర్ రాపిడికి కార్క్ త్వరగా రాలిపోతుంది, ఈవీఏ ఫోమ్ నిలుస్తుంది. కొనేముందు హోల్డర్ గొట్టం కొలత రాసుకుని వెళ్లండి.

ఏ లైన్ వేయాలి?

15 నుంచి 20 పౌండ్ల మోనోఫిలమెంట్ (ఒకే పోగు నైలాన్ లైన్). సాగే గుణం ఉంటుంది కాబట్టి చేప మొదటి పరుగులో రాడ్‌కి తోడుగా నిలుస్తుంది. వేసవిలో బాగా లోతుకు దించేటప్పుడు కొందరు 30 పౌండ్ల బ్రెయిడ్ (పోగులు అల్లిన లైన్) వేస్తారు. అది సాగదు కాబట్టి రాడ్ ఇంకాస్త మెత్తగా ఉండాలి. గట్టి రాడ్ మీద బ్రెయిడ్ వేస్తే హుక్ దిగిన చోట చిరిగి చేప పోతుంది.

డ్రాగ్‌ని లైన్ బలంలో నాలుగో వంతుకు పెట్టండి. 20 పౌండ్ల లైన్‌కి ఐదు పౌండ్లు. చేతి అంచనా వద్దు. చిన్న స్ప్రింగ్ త్రాసు కొసకు కట్టి, రాడ్ వంచి కొలవండి.

కాటు పడగానే రాడ్ పైకి గుంజాలా?

వద్దు. ఊళ్లో బెండు మునగగానే గడ ఎత్తిన అలవాటు చేతుల్లో ఉండిపోతుంది, ఇక్కడ దాన్ని మానుకోవాలి. సర్కిల్ హుక్ మొన లోపలికి తిరిగి ఉంటుంది. చేప ఎర మింగి పక్కకు తిరిగి వెళ్తున్నప్పుడు, లైన్ నిదానంగా బిగుస్తుంటే, హుక్ జారుతూ వచ్చి మూతి మూలలో తిరిగి దిగుతుంది. మీరు గుంజితే నోట్లోంచి నేరుగా బయటకు వచ్చేస్తుంది.

కొస టపటపా కొట్టుకున్నా కదలకండి. రాడ్ నీళ్ల వైపు పూర్తిగా వంగి, అలాగే వంగి ఉన్నప్పుడు రీల్ హ్యాండిల్ తిప్పడం మొదలుపెట్టి, లైన్ వదులు కాకుండా రాడ్‌ని హోల్డర్ నుంచి తీయండి. మూలలో దిగిన హుక్ వల్ల చేపకు గాయం తక్కువ, వదిలేస్తే బతుకుతుంది. అట్లాంటిక్ తీరంలో స్ట్రైపర్‌కి ఎర వేసేవాళ్లు సర్కిల్ హుక్‌లే వాడాలని 2021 నుంచి నిబంధన తెచ్చింది ఇందుకే. సరస్సుల్లో అన్నిచోట్లా ఆ నిబంధన లేకపోయినా, పాటించడం మన చేతిలో పని.

ఎన్ని రాడ్లు కావాలి?

ఇద్దరు ముగ్గురు పడవలో వెళ్తే నాలుగు చాలు. నాలుగూ ఒకే రకం కొనండి. ఒకేలాంటి రాడ్లు వరసగా ఉంటే ఒక కొస మిగతావాటికంటే వేరుగా కదిలిన వెంటనే కన్ను పట్టేస్తుంది. నాలుగు రకాలు కలిపితే ఆ తేడా తెలియదు. మనిషికి ఎన్ని రాడ్లు వేయొచ్చన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, ముందే చూసుకోండి.

పడవ లేదు. గట్టు మీద నుంచి వేయొచ్చా?

వేయొచ్చు. టెక్సోమాలో డెనిసన్ డ్యామ్ కింద రెడ్ నదిలో గట్టు మీద నుంచి స్ట్రైపర్ పట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చలికాలం, వసంతం పూట సరస్సు గట్ల మీద కూడా అవకాశం ఉంటుంది.

రాడ్ మాత్రం మారుతుంది. తొమ్మిది, పది అడుగులు, మీడియం హెవీ, రెండు మూడు ఔన్సులు విసిరే రకం. ఇక్కడా యాక్షన్ మోడరేట్ ఉండాలి, లేకపోతే విసిరిన విసురుకు ఎర హుక్ నుంచి ఊడి వేరే దిక్కుకు ఎగిరిపోతుంది. కొరడా ఝుళిపించినట్టు కాకుండా, రెండు చేతులతో నెమ్మదిగా, పెద్ద చుట్టుగా విసరండి. రాడ్‌ని రాళ్ల మీద ఆనించి వదిలేస్తే చేప దాన్ని నీళ్లలోకి లాక్కుపోతుంది, కాబట్టి నేలలోకి లోతుగా దిగే హోల్డర్ కొనుక్కోండి.

డ్యామ్ కింద సైరన్ మోగితే రాడ్ సంగతి వదిలేసి పైకి వచ్చేయండి. నీళ్లు ఎంత వేగంగా పెరుగుతాయో గట్టు మీద నిలబడి ఊహించలేం. పిల్లలకు లైఫ్ జాకెట్ తప్పనిసరి.

వేసవిలో వేరే రాడ్ కావాలా?

వేసవిలో చేపను త్వరగా పైకి తేగల రాడ్ కావాలి. అంటే కొస మెత్తగానే ఉండాలి, మొదలు మాత్రం వసంతంలో కంటే గట్టిగా ఉండాలి.

కారణం చెప్పాలి. స్ట్రైపర్‌కి చల్లటి నీరు, దానితోపాటు ప్రాణవాయువు కావాలి. వేసవి ముదిరేకొద్దీ పై నీరు వేడెక్కుతుంది, అడుగు నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. మధ్యలో ఒక సన్నటి పొర మాత్రమే వాటికి మిగులుతుంది. పెద్ద చేపలకు మరీ కష్టం. అలాంటి చోటు నుంచి పదిహేను నిమిషాలు పోరాడించి, వేడి నీటిలోకి తెచ్చి, ఫొటో తీసి వదిలేస్తే అది ఈదుకుంటూ వెళ్లినట్టు కనిపించినా చాలాసార్లు బతకదు. తేలికైన రాడ్‌తో 'ఎంతసేపు ఆడిందో' అని సంబరపడటం నాకు నచ్చదు. వేసవిలో పరిమితి మేరకు పట్టుకుని, తినడానికి ఉంచుకుని, ఆపేయడమే సరైన పద్ధతి. సౌత్ కరోలినాలోని శాంటీ సరస్సుల్లో నడివేసవిలో స్ట్రైపర్‌ను ఉంచుకోవడమే నిషేధం, అక్కడ ఆ రోజుల్లో వేరే చేప చూసుకోవాలి.

లైసెన్సు, ఎర తరలింపు గురించి తెలియాల్సినవి?

టెక్సోమా రెండు రాష్ట్రాల మధ్య ఉంది. టెక్సస్, ఓక్లహోమా వైపులు రెండింటికీ చెల్లే టెక్సోమా లైసెన్సు ప్రత్యేకంగా ఉంది. అక్కడ రోజుకు పది చేపలు, వాటిలో 20 అంగుళాలు, ఆ పైన ఉన్నవి రెండే. రూల్స్ మారుతుంటాయి, వెళ్లే ముందు రాష్ట్ర వన్యప్రాణి శాఖ వెబ్‌సైట్ ఒకసారి చూడండి.

ఒక సరస్సు నీళ్లు, ఎర ఇంకో సరస్సుకు తీసుకెళ్లకండి. టెక్సోమాలో 2009లో జీబ్రా మసెల్స్ (ఒక రకం చిన్న ఆల్చిప్పలు) బయటపడ్డాయి. కంటికి కనబడనంత చిన్న పిల్లలు నీళ్లతోపాటు ప్రయాణిస్తాయి. అందుకే టెక్సస్‌లో సరస్సు వదిలేముందు పడవలో, ట్యాంకులో నీళ్లన్నీ పారబోయాలి.

ఎంత ఖర్చు పెట్టాలి?

ఎర రాడ్‌కి వంద డాలర్లు దాటక్కర్లేదు. అంతకంటే ఎక్కువ పెట్టేది తేలికదనం కోసం, స్పందన కోసం. హోల్డర్‌లో ఉన్న రాడ్‌కి రెండూ పెద్దగా అక్కరకు రావు. మిగిలిన డబ్బు మంచి రీల్‌కి, అంతకంటే ముందు గట్టి హోల్డర్‌కి పెట్టండి. సన్నటి ప్లాస్టిక్ హోల్డర్ విరిగితే రాడ్, రీల్, చేప మూడూ ఒకేసారి పోతాయి.

కొనకముందే ఒకసారి గైడ్‌తో వెళ్లగలిగితే ఇంకా మంచిది. టెక్సోమాలోనూ లేనియర్‌లోనూ చాలామంది గైడ్లు ఉన్నారు. రాడ్లు వాళ్లే ఇస్తారు. పడవ ఎక్కగానే రాడ్ మీద అంకెలు ఫొటో తీసుకోండి, ఎలా వంగుతోందో చూడండి, నచ్చిందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

కారులో పట్టడానికి రెండు ముక్కల రాడ్ కొనొచ్చా?

కొనొచ్చు. ఇప్పటి రెండు ముక్కల రాడ్లు బాగానే ఉంటున్నాయి. అతుకు దగ్గర వంపు సాఫీగా ఉందో లేదో చూడండి, రోజులో ఒకటి రెండుసార్లు అతుకు బిగించుకోండి.

ఇండియాకు తీసుకెళ్తే అక్కడ పనికొస్తుందా?

కృష్ణా, గోదావరి నదులు సముద్రంలో కలిసే చోట్ల పండుగప్పకు బతికున్న రొయ్య, చిన్న చేప ఎరగా వేసేటప్పుడు ఏడున్నర అడుగుల మీడియం హెవీ రాడ్ చక్కగా పనిచేస్తుంది. చెరువుల్లో కొర్రమీనుకు మాత్రం వద్దు. అది గుర్రపుడెక్కలో, తూటికాడలో దాక్కునే చేప, పడగానే పొదలోంచి లాగేసే గట్టి రాడ్ కావాలి.

రాడ్ ఎక్కువ కాలం ఉండాలంటే?

హుక్‌ని గైడ్ రింగుకు తగిలించకండి. రింగుకు గాటు పడితే అది లైన్‌ని కోస్తుంది. అప్పుడప్పుడు చెవి దూది పుల్ల ఒక్కో రింగులో తిప్పి చూడండి. దూది పోగు చిక్కుకుందంటే అక్కడ పగులు ఉన్నట్టే, ఆ గైడ్ మార్పించాలి. చేపను వల దగ్గరికి తెచ్చేటప్పుడు రాడ్‌ని నిట్టనిలువుగా ఎత్తొద్దు. భారమంతా కొస మీద పడి విరిగే సమయం అదే. రాడ్ వాల్చి, ఒక అడుగు వెనక్కి వేసి, చేపను వల మీదికి జరపండి.

ఉరుములు వినిపిస్తే రాడ్లన్నీ పడుకోబెట్టి ఒడ్డుకు రండి. గ్రాఫైట్‌లోంచి కరెంటు పారుతుంది, కాంపోజిట్‌లోనూ గ్రాఫైట్ ఉంటుంది. పడవను ట్రైలర్ మీద ఎక్కించేటప్పుడు పైన కరెంటు తీగలు ఉన్నాయేమో చూసి, అప్పుడే రాడ్లు చేతిలోకి తీసుకోండి.